ముందు కాలి తొడ మండిపోతోంది, మాస్ట్ చివరిదాకా వెనక్కి జరిపినా అంతే (ప్రోన్ ఫాయిల్)

ఉప్పునీళ్ళు · శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, ఉండేది శాండియాగో. ఆరేళ్ళుగా అలల మీద లాంగ్‌బోర్డు తొక్కుతున్నా. ఫాయిల్ (బోర్డు కింద నీళ్ళలో మునిగి ఉండి, బోర్డుని పైకి లేపే రెక్కలు) మొదలెట్టి రెండు నెలలే.

బరువు 82 కిలోలు. కిట్ మొత్తం సెకండ్ హ్యాండే. బోర్డు 5 అడుగుల 2 అంగుళాలు, 45 లీటర్లు. మాస్ట్ (బోర్డు నుంచి కిందికి దిగే నిలువు కంబం) 75 సెం.మీ., అల్యూమినియం. మాస్ట్ అడుగున ఫ్రంట్ వింగ్ (ముందు పెద్ద రెక్క) 1400 చ.సెం.మీ., కొసనుంచి కొసకి 95 సెం.మీ. టెయిల్ (వెనక చిన్న రెక్క) మీద అంకెలు చెరిగిపోయాయి, సైజెంతో తెలీదు.

బోర్లా పడుకుని చేతుల్తో ఈది అల పట్టుకోవడం, లేచి నిలబడటం వరకూ ఇబ్బంది లేదు. బోర్డు నీళ్ళమీద నుంచి మెల్లగా లేస్తుంది, రెండు సెకన్లు స్వర్గం. ఆ తర్వాత బెదిరిన గిత్తలాగా ముక్కు పైకెత్తేస్తుంది. ముందు కాలితో ఎంత తొక్కినా ఆగదు. ఫాయిల్ నీళ్ళలోంచి బయటపడుతుంది, నేను వెనక్కి పడతాను. ఇంటికొచ్చాక ఎడమ తొడ పట్టేసి మెట్లెక్కలేకపోతున్నా.

మాస్ట్ ముందుకుంటే లిఫ్ట్ (పైకి లేపే బలం) ఎక్కువని చదివి, వెళ్ళినప్పుడల్లా కాస్త కాస్త వెనక్కి జరిపా. ఇప్పుడు ట్రాకు (మాస్ట్ బిగించే గాడి) చివరికొచ్చేసింది, ఇక జరపడానికి చోటు లేదు. వింగ్ నాకు పెద్దదైపోయిందా? 1000 సైజుది ఒకటి అమ్మకానికి ఉంది, కొనేయమంటారా?

---

హైద్రాబాదీ_అల · శనివారం, ఉదయం 9:40

అన్నా, 1400 అంటే సిటీ బస్సు. నేర్చుకునేటప్పుడు మంచిగనే ఉంటది, రెండు నెలలైనంక బోర్ కొడతది. నేను సాంటాక్రూజ్‌ల 1400 నుంచి 1050కి దిగిన, మస్తు ఫరక్ పడ్డది. కొనెయ్.

---

కరంబిన్_అక్క · శనివారం, ఉదయం 10:55

కొనొద్దు తమ్ముడూ, ఆగు. రెండు సెకన్లు దాటి ఎగరనివాడికి 1000 వింగ్ ఇస్తే లేవడానికే తగినంత వేగం దొరకదు. మా గోల్డ్‌కోస్ట్‌లో కరంబిన్ ఏలీ దగ్గర ఆదివారాలు చూస్తుంటాను: చిన్న వింగ్ కొనుక్కొచ్చి, లేవని బోర్డు మీద మోకాళ్ళేసుకుని తిరిగేవాళ్ళు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుంటారు.

మూడు ప్రశ్నలు. ఎలాంటి అలలు పడుతున్నావు? వెనక పాదం మాస్ట్‌కి ముందా, పైనా, వెనకా? ముందు కాలి మీద బరువు లేచిన క్షణం నుంచే ఉంటుందా, వేగం అందుకున్నాక మొదలవుతుందా? మూడోది బాగా ఆలోచించి చెప్పు.

---

ఉప్పునీళ్ళు · శనివారం, ఉదయం 11:20

అక్కా, ఇక్కడి బీచి టూర్మలీన్‌లో అలలు మెత్తగా ఉంటాయి గానీ అక్కడ లాంగ్‌బోర్డు పెద్దమనుషుల జాతర. వాళ్ళ మధ్య కత్తులు కట్టుకుని తిరిగినట్టుంటుందని పక్కనున్న ఖాళీ బీచికి వెళ్తున్నా. అల నడుము ఎత్తు. ఒక్కోసారి నిలువుగా లేచి ఠపీమని మూసుకుపోతుంది.

వెనక పాదం మాస్ట్ మీదే ఉంటుందనుకుంటా. కొలవలేదు. మూడోదానికి జవాబు తెలీదు, ఇంతవరకూ గమనించలేదు.

---

తెప్ప_బాబు · శనివారం, మధ్యాహ్నం 12:05

గురూ, మాది విశాఖపట్నం. రుషికొండలో పిల్లలకి సర్ఫింగ్ నేర్పుతాను. కోవళం స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న పాత ఫాయిల్ ఒకటుంది, దానిమీద రెండేళ్ళు పడ్డాక సెప్తున్నాను.

నిలువుగా లేచే అల ఫాయిల్‌కి పనికిరాదు. సర్ఫర్లు ఏడ్చే అల మనకి కావాలి. మోకాలెత్తుండాలి, సోమరిగా, విరగనా వద్దా అన్నట్టు రావాలి. నిలువు అల మీద బోర్డు జారిన ఊపుకే వేగం రెట్టింపైపోద్ది, వింగ్ ఆగుతాదేటి? మా తాతగారి కాలంలో తెప్ప మీదొచ్చేవోళ్ళు కూడా అంతే. ఒడ్డుకొచ్చినప్పుడు పెద్ద అలని పోనిచ్చి, దాని ఎనకొచ్చే చిన్నదాని మీద తెప్ప ఎక్కించీవోరు.

ఇంకోటి. హెల్మెట్టు, ఇంపాక్ట్ వెస్టు (దెబ్బలాపే జాకెట్టు) ఉన్నాయా నేవా? పడిపోతన్నాననిపిస్తే నిలబడాలని సూడకు. బోర్డుని కాల్తో అవతలికి తన్ని నువ్వు పక్కకి బల్లపరుపుగా పడు. పైకొచ్చినప్పుడు ముందు సెయ్యి తలమీదుండాలి. నా కనుబొమ్మ మీద నాలుగు కుట్లున్నాయి, అయి ఎలా వచ్చాయో అడక్కు.

---

హైద్రాబాదీ_అల · శనివారం, మధ్యాహ్నం 12:31

కుట్ల మాట నిజమే. గందుకే నేను కొత్తోళ్ళకి 60 మాస్ట్ ఇస్త. కింద పడ్డా ఎత్తు తక్కువ, దెబ్బ తక్కువ.

---

కరంబిన్_అక్క · శనివారం, మధ్యాహ్నం 1:10

దీనికి మాత్రం నేనొప్పుకోను. పడవ వెనక తాడు పట్టుకుని నేర్చుకునేటప్పుడు 60 సరే. అలల్లో 60 పెడితే ముక్కు కొంచెం లేచిందంటే వింగ్ బయటికొచ్చేస్తుంది, సరిచేసుకునే టైమే ఉండదు. 75 దగ్గర అర సెకను ఎక్కువ దొరుకుతుంది, నేర్చుకునేది ఆ అర సెకన్లోనే. 85 అయితే ఇంకా నయమే గానీ లోతు కావాలి. ఛాతీలోతు దాకా నడిచి వెళ్ళి బోర్డు ఎక్కాలంటే 75 చాలు.

---

తెప్ప_బాబు · శనివారం, మధ్యాహ్నం 1:18

మా కాడ ఇసక మేటలు వారానికోసారి జరిగిపోతాయి. నిన్న ఛాతీలోతున్న చోట ఇవాళ మొలలోతు. 85 పెడితే సముద్రం దున్నడమే. అక్క సెప్పినట్టు 75.

---

నాలుగో_లంగరు · శనివారం, సాయంత్రం 6:44

ఆలస్యంగా చూశాను. నేను ఆంధ్రా యూనివర్సిటీలో నేవల్ ఆర్కిటెక్చర్ చదివినవాణ్ణి, తిండి పెట్టేది ఓడల లెక్కలు. ఫాయిల్ తొక్కడంలో మీ అందరికంటే అధ్వాన్నం.

ముందు వింగ్ సంగతి. లిఫ్ట్ రెక్క వైశాల్యాన్ని బట్టీ, వేగం వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. మనిషి, బోర్డు, వెట్‌సూట్ కలిపి 90 కిలోలనుకుందాం. లిఫ్ట్ గుణకం (రెక్క ఆకారం, కోణం వల్ల వచ్చే అంకె) 0.8 వేసుకుంటే 1400 వింగ్ గంటకు సుమారు 14 కి.మీ. దగ్గర మోస్తుంది. 1000 వింగ్‌కి 17 దగ్గరపడాలి. అంటే 18 శాతం ఎక్కువ వేగం. మెత్తటి అలలో ఆ మూడు కిలోమీటర్లు దొరకవు. పైగా మీ 1400 వింగ్ బస్సేం కాదు. 95ని 95తో గుణించి 1400తో భాగించండి, 6.4 వస్తుంది, రెక్క ఎంత సన్నగా పొడుగ్గా ఉందో చెప్పే అంకె అది. పొట్టి లావు రెక్క కాదు, నడిమి రకం. మీ బరువుకి సరిపోయిందే.

ఇక మాస్ట్. ఒక సెంటీమీటరు వెనక్కి జరపడమంటే మీ రెండు పాదాలూ ఒక సెంటీమీటరు ముందుకు జరపడమే, అంతకంటే మాయేమీ లేదు. పాదాల మధ్య 50 సెం.మీ. ఎడముంటే, 82 కిలోల మనిషికి సుమారు 1.6 కిలోల బరువు ముందు కాలి నుంచి వెనక కాలికి మారుతుంది. మీరెంత జరిపారు?

---

ఉప్పునీళ్ళు · శనివారం, సాయంత్రం 7:02

మొత్తం ఏడు సెంటీమీటర్లు మాస్టారూ.

---

నాలుగో_లంగరు · శనివారం, సాయంత్రం 7:30

అంటే 11 కిలోలకు పైనే. దానికి తేడా తెలియాలి కదా. తెలియలేదంటే అసలు సంగతి మాస్ట్ కాదు.

కరంబిన్ అక్కగారి మూడో ప్రశ్నలోనే అంతా ఉంది. మాస్ట్ స్థానం వల్ల వచ్చే బరువు వేగంతో మారదు. మెల్లగా వెళ్ళినా, జోరుగా వెళ్ళినా ముందు కాలి మీద అంతే ఉంటుంది. టెయిల్ అలా కాదు. అది తోకని కిందికి నొక్కుతుంది, దాంతో ముక్కు లేస్తుంది. ఆ నొక్కుడు వేగం వర్గంతో పెరుగుతుంది. లేచినప్పుడు హాయిగా ఉండి, జోరందుకున్నకొద్దీ తొడ మీద బరువు పెరుగుతూ పోతే టెయిల్ కోణాన్ని అనుమానించాలి.

రేపు మోకాలెత్తు అలలో వెళ్ళండి. లేచాక వెంటనే బోర్డు నీళ్ళమీదికి దించేయండి. పది సార్లు. ఏ క్షణంలో బరువు మొదలవుతోందో అది ఒక్కటే చూడండి.

---

కరంబిన్_అక్క · శనివారం, రాత్రి 8:15

వెళ్ళేముందు చిన్న పని. నేలమీద మామూలుగా పాప్-అప్ చెయ్యి (బోర్లా పడుకుని ఒక్క ఊపున లేచి నిలబడటం), బోర్డు మీద ఆ పాదాలు పడేచోట డెక్ ప్యాడ్ (బోర్డు మీద అతికించిన మెత్త) మీద వైట్ మార్కర్‌తో గీత పెట్టు. తిరిగొచ్చాక ఆ గీత, మాస్ట్ ఎక్కడున్నాయో కొలువు. "అనుకుంటా" వద్దు.

---

ఉప్పునీళ్ళు · ఆదివారం, మధ్యాహ్నం 12:48

వెళ్ళొచ్చా. పాదం గీతకి మాస్ట్ 6 సెం.మీ. వెనక ఉంది, మీద లేదు. అంటే మాస్ట్‌ని నేను వెనక్కి జరుపుతున్నకొద్దీ పాదం మాత్రం పాత చోటే పడుతోంది.

పది అలల్లో ఏడు పట్టుకున్నా. లేచేటప్పుడు వెనక కాలితో బాగా నొక్కాల్సి వచ్చింది, అంటే ముందు కాలు తేలిగ్గానే ఉంది. అల ముఖం మీద జారడం మొదలయ్యాక, ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు అంతా ముందు కాలి మీదికి వచ్చేసింది. ఏడుసార్లూ ఇదే. మాస్టారూ, మీరు చెప్పినట్టే.

---

హైద్రాబాదీ_అల · ఆదివారం, మధ్యాహ్నం 1:05

అరె. గట్లైతే వింగ్ కొనుడు ఆపు. టెయిల్ విప్పి చూడు, కింద ఏమన్న షిమ్ (కోణం మార్చనీకి పెట్టే సన్న ముక్క) ఉన్నదా?

---

ఉప్పునీళ్ళు · ఆదివారం, మధ్యాహ్నం 3:33

విప్పుదామంటే బోల్టులు రావట్లేదు. రెండూ ఎం6, టోర్క్స్ తల (నక్షత్రం ఆకారం గాడి). మొదటిది కొంచెం కదిలింది. రెండోదాంట్లో బిట్ జారి తల గుండ్రంగా అయ్యేలా ఉంది. కొన్నప్పట్నుంచీ కిట్‌ని విప్పలేదు, అలాగే కారు డిక్కీలో పడేస్తున్నా. తిట్టండి, పడతాను.

---

తెప్ప_బాబు · ఆదివారం, సాయంత్రం 4:10

తిట్టడానికేటుంది, అందరం ఒకసారి సేసిందే. స్టీలు బోల్టు, అల్యూమినియం ఫ్యూజలాజ్ (రెండు రెక్కల్నీ కలిపే కడ్డీ), మధ్యన ఉప్పునీరు. మూడూ కలిస్తే బ్యాటరీ అయిపోద్ది. అల్యూమినియం తెల్లటి పొడయ్యి బోల్టుని కరిసేసుకుంటాది.

బిట్ ఇంక తిప్పకు. డబ్ల్యూడీ-40 లాంటిది పోసి రాత్రంతా ఉంచు. పొద్దున టంకం పెట్టే సాల్డరింగ్ ఐరన్ ముక్కు బోల్టు తల్లో పెట్టి మూడు నిమిషాలు ఏడి సెయ్యి. హీట్ గన్ వద్దు, కార్బన్ టెయిల్ పాడైపోద్ది. తరవాత కొత్త బిట్ ఎట్టి, ఎనకనించి సుత్తితో రెండు మెత్తటి దెబ్బలేసి, అప్పుడు తిప్పు. ముందు బిగించే వైపు కొంచెం, తరవాత విప్పే వైపు.

---

ఉప్పునీళ్ళు · సోమవారం, రాత్రి 9:26

వచ్చేసింది! బాబూ, నీకు దండం. టిక్‌మని చిన్న చప్పుడు చేసి ఊడింది.

టెయిల్ కింద షిమ్ ఉంది. నల్లటి టెయిల్, నల్లటి ఫ్యూజలాజ్, మధ్యలో నల్లటి ప్లాస్టిక్ ముక్క. త్రీడీ ప్రింటర్‌లో చేసుకున్నట్టుంది, గోరుతో గీస్తే పొరలు తెలుస్తున్నాయి. ఇన్నాళ్ళూ అది ఫ్యూజలాజ్‌లో భాగమే అనుకున్నా. వెర్నియర్‌తో కొలిచా: ముందు చివర 0.5 మి.మీ., వెనక చివర 1.7 మి.మీ., పొడవు 70 మి.మీ. నా టెయిల్ ఫ్యూజలాజ్‌కి పైన కూర్చుంటుంది.

---

కరంబిన్_అక్క · సోమవారం, రాత్రి 10:02

వెనక మందం అంటే లిఫ్ట్ తగ్గించే షిమ్ కదా? నా సెట్టులో వెనక మందం పెడితే ముందు కాలు తేలికవుతుంది.

---

నాలుగో_లంగరు · సోమవారం, రాత్రి 10:40

అక్కగారూ, మీ టెయిల్ ఫ్యూజలాజ్ కింద బిగిస్తారేమో చూడండి. కింద బిగించేదానికి వెనక మందం పెడితే టెయిల్ వెనక అంచు కిందికి దిగుతుంది, నొక్కుడు తగ్గుతుంది. పైన బిగించేదానికి వెనక మందం పెడితే వెనక అంచు పైకి లేచి ముందు అంచు కిందికి చూస్తుంది, నొక్కుడు పెరుగుతుంది. అదే షిమ్, అదే దిశ, ఫలితం మాత్రం తలకిందులు. నెట్‌లో షిమ్‌ల గురించి సగం గొడవలు ఇందుకే.

తేడా 1.2 మి.మీ., పొడవు 70 మి.మీ. అంటే దాదాపు ఒక డిగ్రీ. టెయిల్‌కి ఒక డిగ్రీ చాలా ఎక్కువ. మామూలుగా అర డిగ్రీ మార్చినా తెలిసిపోతుంది. మీకు అమ్మినాయన ఎలాంటివాడు?

---

కరంబిన్_అక్క · సోమవారం, రాత్రి 10:51

నిజమే, నాది కింద బిగించేదే. వెళ్ళి చూసొచ్చాను. చెంపలేసుకుంటున్నా.

---

ఉప్పునీళ్ళు · సోమవారం, రాత్రి 11:15

సన్నటి కుర్రాడు, అరవై కిలోలుంటాడేమో. డాక్ మీంచి దూకి కాళ్ళతో పంప్ చేసుకుంటూ (బోర్డుని పైకీ కిందికీ ఊపుతూ) సరస్సులో చుట్లు కొడతానన్నాడు. అలల్లోకి ఎప్పుడూ వెళ్ళలేదట.

---

హైద్రాబాదీ_అల · సోమవారం, రాత్రి 11:22

అయిపాయె. పంపింగ్‌ల స్పీడ్ తక్కువ, లిఫ్ట్ ఎక్కువ గావాలె. ఆ పోరనికి ఒక డిగ్రీ కరెక్టే. నువ్వేమో అల మీదికెల్లి డబుల్ స్పీడ్‌తో వస్తున్నవ్. షిమ్ తీసెయ్, మాస్ట్ మళ్ళ ట్రాక్ మధ్యల పెట్టు. రెండూ ఒక్కరోజే మార్చు, లేకపోతే ముక్కు నీళ్ళల్ల గుచ్చుకుంటది.

---

నాలుగో_లంగరు · మంగళవారం, ఉదయం 6:30

సాధారణంగా ఒకసారికి ఒకటే మార్చమంటాను, కానీ ఇక్కడ హైద్రాబాదీ మాటే రైటు. ఏడు సెంటీమీటర్లు జరిపింది షిమ్ చేసే తప్పుని కప్పెట్టడానికి. తప్పు పోయాక అది కూడా పోవాలి. మధ్యలో పెట్టి, అక్కణ్ణుంచి ఒక్కో సెంటీమీటరు. ట్రాకు పక్కన పెన్సిల్‌తో గీతలు గీసుకోండి.

---

ఉప్పునీళ్ళు · గురువారం, రాత్రి 8:05

షిమ్ తీసి బిగించా. బోల్టులు గట్టిగా ఆగిపోయేదాకా తిప్పా. అయినా టెయిల్ పట్టుకుని ఊపితే చాలా కొద్దిగా, వెంట్రుకవాసి కదులుతోంది. పర్లేదా? రేపు పొద్దున సెలవు పెట్టా.

---

తెప్ప_బాబు · గురువారం, రాత్రి 8:19

పర్లేదేటి! దిగకు. టెయిల్ ఊడిపోతే వింగ్ ఎటెళ్తాదో నీకు తెలీదు. ఊడిన టెయిల్ సముద్రంలో ఎతకడం నీ వల్ల కాదు.

---

నాలుగో_లంగరు · గురువారం, రాత్రి 8:34

పాతాయన షిమ్ మందానికి తగ్గట్టు పొడుగు బోల్టు వేసుంటాడు. షిమ్ పోయింది కాబట్టి బోల్టు కొన రంధ్రం అడుగుకి తగిలి ఆగిపోతోంది, తల మాత్రం టెయిల్‌ని నొక్కట్లేదు. మీ చేతికి గట్టిగానే అనిపిస్తుంది. పొడవు కొలవండి. 20 మి.మీ. ఉంటే 18 తెచ్చుకోండి. కౌంటర్‌సంక్ తల (పైకి తేలకుండా లోపలికి దిగేది) అయితే వాషర్ పట్టదు.

---

ఉప్పునీళ్ళు · గురువారం, రాత్రి 8:50

20యే. ఒళ్ళు జలదరించింది. షాపు పొద్దున తొమ్మిదికి తీస్తారు, తీసుకున్నాకే వెళ్తా.

---

కరంబిన్_అక్క · గురువారం, రాత్రి 9:08

వాటితోపాటు టెఫ్‌జెల్ ట్యూబు (బోల్టులు పట్టేయకుండా రాసే జెల్) కూడా తెచ్చుకో. ప్రతి మరకీ బియ్యపుగింజంత. తొక్కిన రోజు మొత్తం విప్పి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టు. ఓపిక లేని రోజు కనీసం బోల్టులు అరచుట్టు వదులు చేసి ఉంచు. అల ఎక్కేముందు ఒడ్డున మళ్ళీ బిగించడం మర్చిపోకు, అదీ చేశాను నేను.

---

రేపే_మొదలు · గురువారం, రాత్రి 9:40

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నేను భీమిలిలో ఉంటాను, 68 కిలోలు. డల్లాస్ నుంచి మా బావ సంక్రాంతికి వస్తున్నాడు. కిట్ తెమ్మంటే సూట్‌కేసులో పడుతుందా?

---

హైద్రాబాదీ_అల · గురువారం, రాత్రి 10:03

75 మాస్ట్, ఫ్యూజలాజ్, టెయిల్ పెద్ద సూట్‌కేస్‌ల మూలకి వేస్తే పడతయ్. ఫ్రంట్ వింగ్ 80 దాటితే కష్టం. బోర్డు సంగతి మర్చిపో. ఎయిర్‌లైన్లు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెం.మీ. అంటరు, ఐదడుగుల బోర్డు పొడవే 152. బావ మీద ప్రేముంటే ఓవర్‌సైజ్ పైసల్ నువ్వే కట్టు.

---

తెప్ప_బాబు · గురువారం, రాత్రి 10:30

తమ్ముడూ, కొనీముందు రుషికొండ వచ్చి నాది ఒకసారి తొక్కు. నీ బరువుకి 40 లీటర్ల బోర్డు, 1200 నుంచి 1300 వింగ్ సాలు. మన కాడ ఒక తేడా ఉంది. అమెరికావోళ్ళు నాచు గురించి ఏడుస్తారు, మనకి వలలు. ఏకువజామున ఏసిన వల తాడు నీటికి అడుగు లోతునుంటాది, బోర్డుకి తగలదు, మాస్ట్‌కి తగుల్తాది. ఒక్కపాలి నేను బోర్డు మీంచి ఎగిరి తాడుకవతల పడ్డాను, ఎనకనుంచి మా పెదనాన్న కొడుకే తిట్టాడు, వల ఆడిది. దిగీముందు ఒడ్డునున్న బోటోళ్ళని అడుగు, ఎక్కడేసారో సెప్తారు. టెఫ్‌జెల్ ఇక్కడ దొరక్కపోతే ఫిషింగ్ హార్బర్ కాడ బోటు సామాన్ల కొట్లో మెరైన్ గ్రీజు అడుగు.

---

ఉప్పునీళ్ళు · శుక్రవారం, మధ్యాహ్నం 2:17

18 బోల్టులు, జెల్, షిమ్ లేదు, మాస్ట్ ట్రాకు మధ్యలో. అల మోకాలెత్తు, బీచిలో నేనూ కొంగలూ.

మొదటి అల: లేవనేలేదు. ఇన్నాళ్ళూ ముక్కుని తొక్కడమే అలవాటై అనవసరంగా తొక్కేశా. రెండోది: లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. మూడోదానికి ఒక సెంటీమీటరు ముందుకు జరిపా. నాలుగో అలలో ఒడ్డు దగ్గరపడేదాకా వెళ్ళా. చప్పుడు లేదు. బోర్డు కింద నీళ్ళు తగిలే చప్పుడు ఆగిపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఎవరూ చెప్పలేదేం? ఆ ఆశ్చర్యంలోనే పడిపోయా, పక్కకి, బల్లపరుపుగా, చెయ్యి తలమీద పెట్టుకుని.

తొడ బాగుంది. మెట్లెక్కి వచ్చి ఇది టైపు చేస్తున్నా. ఒక్కటి మాత్రం ఉంది, జోరుగా వెళ్ళినప్పుడు మాస్ట్ సన్నగా ఈల వేస్తోంది. ప్రమాదమా?

---

కరంబిన్_అక్క · శుక్రవారం, సాయంత్రం 4:40

వెనక అంచు నీటిని సరిగ్గా వదలకపోతే అలా పాడుతుంది. ప్రమాదం లేదు. 400 నంబరు వాటర్ పేపర్ చెక్కముక్కకి చుట్టి, తడి చేసి, వెనక అంచుని ఒకవైపే కొంచెం ఏటవాలుగా నాలుగైదుసార్లు రుద్దు. అంతకంటే ఎక్కువ రుద్దకు. అల్యూమినియం మీద రంగుపూత పోతే మళ్ళీ ఆ తెల్లపొడి గోలే. నేనైతే పాడనిచ్చేదాన్ని.

---

హైద్రాబాదీ_అల · శుక్రవారం, సాయంత్రం 5:02

ముబారక్ అన్నా! ఆ షిమ్ పారేసినవా? నాది కూడా పైన బిగించే టెయిలే. ఇక్కడ డాక్ స్టార్ట్ (డాక్ మీదికెల్లి దూకి పంప్ చేసుడు) నేర్చుకుంటున్న, రెండు పంపులకే మునుగుతున్న. ఉంటే పంపు.

---

ఉప్పునీళ్ళు · శనివారం, ఉదయం 10:11

కవర్లో పెట్టి పోస్టు చేసేశా. పాత 20 మి.మీ. బోల్టులు కూడా వేశా, అవి లేకపోతే అది పట్టదు. మందంగా ఉన్న చివర తెల్ల మార్కర్‌తో బాణం గీసి "వెనక" అని రాశా.